పంది పొడవలేదు, తుపాకీ పేలింది

మా ఊళ్లో నా కుడికాలి గురించి రెండు కథలు నడుస్తున్నాయి. ఒక కథలో నన్ను అడవిపంది పొడిచింది. రెండో కథలో నేను దగ్గవలసిన చోట దగ్గలేదు కాబట్టి నా కాలు నేనే చెడగొట్టుకున్నాను. మొదటి కథ చెప్పేవాళ్లు నా మీద జాలిపడతారు. రెండోది చెప్పేవాళ్లు కోప్పడతారు. మొన్న మా వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే ఒకడు పంది అయ్యాడు, ఒక పిల్ల నేనయింది. ఆ పిల్ల అచ్చం నాలాగే కుంటింది. దానిమీద నాకు కోపం రాలేదు. కానీ ఇంకో పదేళ్లకి ఆ పిల్లకి ఆ ఆటే నిజమైపోతుంది. అప్పటికి నేను చెప్పినా వినేవాళ్లుండరు. అందుకని కుట్టుపని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. రెండు కథలూ అబద్ధం.

రాయడానికి నీకేం చదువుందని అడిగేవాళ్లకి ముందే చెబుతున్నాను. ఏడో తరగతితో బడి మానేశాను. మిగతాదంతా కొత్తవలస లైబ్రరీలో చదివాను. దారపు రీళ్లకీ, హుక్కులకీ, లైనింగు బట్టకీ బజారుకి వెళ్లిన ప్రతిసారీ రెండు గంటలు అక్కడ కూర్చునేదాన్ని. తెలియని మాట కనబడితే గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి, బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతో మిషను బల్ల మీద రాసేదాన్ని. అర్థం తెలిశాక తుడిచేసేదాన్ని. అలా ఆ బల్ల మీదికి ఎక్కి దిగిన మాటలు ఎన్నో. పంటల పుస్తకాలు, ఆరోగ్యం పుస్తకాలు, నక్షత్రాల పుస్తకాలు, ఏది దొరికితే అది చదివాను. చట్టాల పుస్తకాలు మాత్రం ముట్టుకోలేదు. వాటితో నాకేం పని అనుకున్నాను.

మా ఊరికి ఒక పక్క కిరండూల్ రైలుకట్ట, ఇంకో పక్క కొండ. కొండకీ ఊరికీ మధ్య మెట్ట చేలు. శీతాకాలంలో మొక్కజొన్న వేస్తాం. పొత్తులు పాలు పోసుకునే వేళకి కొండమీది పందులు దిగుతాయి. అవి తినేది కొంచెం, తొక్కేది ఎక్కువ. ఒక మంద ఒకసారి దిగిందంటే తెల్లారేసరికి ఆ చేలో మనిషి ఎత్తున నిలబడ్డ కర్ర ఒక్కటి మిగలదు.

ఊరంతటికీ లైసెన్సున్న తుపాకీ ఒక్కటే. అది మా పెద్దమావది, అంటే మా మావగారి అన్నగారిది. గొట్టం మూతిలోంచి మందూ సీసపు రవ్వలూ దట్టించి పేల్చే పాతకాలం తుపాకీ. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించాలి. ఆ రోజు ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, తుపాకీకి తువ్వాలు చుట్టుకుని, అందరికీ చెప్పి మరీ వెళ్లేవారు. ఎలక్షన్లయ్యాక తెచ్చుకునేటప్పుడు కూడా అంతే.

పొత్తుల కాలంలో ఆ తుపాకీ ఇంటింటికీ వంతుగా తిరిగేది. నీళ్ల వంతు ఎలా ఉంటుందో ఇదీ అలాగే. ఆ రోజు వంతు ఎవరిదైతే ఆ ఇంటి మగవాడు పొద్దుగూకేసరికి పెద్దమావ ఇంటికి వెళ్లి తుపాకీ తెచ్చుకుని, చేలో మంచె ఎక్కి, ముందుగా రేకుడబ్బా వాయించేవాడు. డబ్బా ఏ చేలోంచి మోగిందో తుపాకీ ఆ చేలో ఉన్నట్టు. తెల్లారేదాకా అటువైపు ఎవరూ వెళ్లకూడదు. తప్పనిసరైతే గట్టుమీద నిలబడి మూడుసార్లు దగ్గాలి. మంచె మీది నుంచి తిరుగుదగ్గు వినబడ్డాకే అడుగు వేయాలి.

ఇక్కడొక సంగతి దాచకుండా రాయాలి. ఆ దగ్గు కట్టుబాటు మగవాళ్లు పెట్టుకున్నది. ఆడవాళ్లం తెల్లారకముందే చెంబు పట్టుకుని చేలకి వెళ్లేది ఎవరి కంటా పడకూడదనే. అలాంటప్పుడు గట్టున నిలబడి దగ్గి, మంచెమీద ఉన్న బావకో మావకో మేం వచ్చామని చాటుకుంటామా? మేం దగ్గేవాళ్లం కాదు. ఊళ్లో ఏ ఆడదీ దగ్గేది కాదు. డబ్బా ఎటు మోగిందో విని రెండో వైపుకి వెళ్లేవాళ్లం. మా ఇంటికి సర్కారు మరుగుదొడ్డి మంజూరై, గోడలు లేచి, తలుపు రాక ఆగిపోయింది. అందులో చిదుగులు పెట్టుకున్నాం. మా వీధిలో సగం ఇళ్లది అదే పరిస్థితి.

రాష్ట్రం రెండు కావడానికి ముందటేడు మాఘమాసం. వంతు మా ఇంటిది. మా ఆయన సెంట్రింగు పని మీద విశాఖపట్నంలో ఉన్నాడు. మా బదులు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, తుపాకీ పట్టుకెళ్లారు. డబ్బా పైచేలో మోగింది. అన్నం తింటూ నా చెవులతో నేను విన్నాను. అందుకని తెల్లవారుతుండగా నేనూ, బావగారి భార్యా, మా తోడికోడలన్నమాట, కిందిచేలోకి వెళ్లాం. మంచు దట్టంగా ఉంది. ఆవిడ నాకంటే ముందు గట్టెక్కింది. నేను లేచి చీర సర్దుకుంటున్నాను. చప్పుడు ముందు వినబడిందో, కాలు ముందు మండిందో ఇప్పటికీ చెప్పలేను.

జరిగింది ఇది. బావగారు పైచేలో పంది జాడ చూశారు. దాని వెంట కిందికి దిగారు. దిగేటప్పుడు డబ్బా మంచె మీదే వదిలేశారు. కిందిచేలో ఆకులు కదిలితే పంది అనుకుని కాల్చారు. మా తోడికోడలు అరుపుకి పరిగెత్తుకొచ్చారు. నన్ను చూశారు, తన భార్యని చూశారు, తుపాకీ చాల్లో పడేసి కొండవైపు పరిగెత్తారు.

నన్ను ఆటోలో వేశారు. పెద్దమావ ముందు సీట్లో, నేనూ తోడికోడలూ వెనక. రైలుగేటు దగ్గరికి వచ్చేసరికి గేటు వేసేశారు. కొండల్లోంచి ఇనుపరాయి మోసుకుని గూడ్సు దిగుతోంది. ఆ గూడ్సు ఎంత పొడుగుంటుందో మా వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు. పెద్దమావ వెనక్కి తిరిగారు.

"సూడు కోడలా, ఆస్పత్రిలో ఏటైనాదని అడుగుతారు. పంది పొడిసినాదని సెప్పు. పంది పొడిస్తే అడవి ఆఫీసోళ్లు సాయం ఇస్తారు. తుపాకీ అంటే ఎవుడిస్తాడు? నీ బావ జైలుకెల్తాడు, నా లైసెన్సు పోతాది, ఊరోళ్ల పంట పోతాది. నీకు మిగిలిందేటి?"

"ఆ పంది తుపాకీ ఎక్కడ కొన్నాదని అడిగితే ఏటి సెప్పను మావా?" అన్నాను.

"నీ లైబ్రరీ మాటలు ఇప్పుడొద్దు" అన్నారాయన.

మా తోడికోడలు నా కాళ్లు పట్టుకుంటానంది. అప్పటికే ఆవిడ నా కాలు పట్టుకునే ఉంది. నెత్తురు ఆగాలని తన కొంగుతో బిగించి పట్టుకుంది. ఆవిడ మొగుడి కోసం బతిమాలుతోందో, నా కాలి కోసం ఏడుస్తోందో ఆవిడకే తెలియదు. నేను ఏ మాటా ఇవ్వలేదు. గూడ్సు వెళ్లేదాకా కళ్లు మూసుకున్నాను. పెద్దమావ చెప్పినదాంట్లో ఒక ముక్క మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. పంది పొడిస్తే ఇచ్చేవాళ్లున్నారు, మనిషి కాలిస్తే ఇచ్చేవాళ్లు లేరు. అది అబద్ధమాడటానికి ఆయన చెప్పిన కారణం. అదే నిజమైన తప్పని నాకు ఆటోలోనే అనిపించింది.

ఆస్పత్రిలో పంది పొడిచిందని పెద్దమావే రాయించారు. కాలు చూసిన డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పట్టకారుతో ఒక్కొక్క రవ్వా తీసి స్టీలు పళ్లెంలో వేస్తోంది. నాలుగో అయిదో పడ్డాక, "మీ ఊరి పందులు సీసం తింటాయా అమ్మా?" అని అడిగింది. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఇక దాచబుద్ధి కాలేదు. డబ్బా ఎక్కడ మోగిందో, తుపాకీ ఎవరిదో, వంతు ఎవరిదో, పేల్చింది ఎవరో అన్నీ చెప్పాను. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమావ వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన నాతో మాట్లాడలేదు.

పోలీసులు వచ్చి బావగారి మీదా, పెద్దమావ మీదా కేసు రాసి, తుపాకీ పట్టుకుపోయారు. బావగారు మూడో రోజున తనంతట తానే స్టేషనుకి వెళ్లారు, తర్వాత బెయిలు మీద వచ్చారు. కాపలా లేక ఆ ఏడు మొక్కజొన్న నాశనమైంది. మా చేను కూడా అందులో ఉంది. కానీ ఊరికి నా చేను కనబడలేదు. జాకెట్లు కుట్టించుకోవడానికి నా దగ్గరికి రావడం చాలామంది మానేశారు. వచ్చినా నేను ఏం కుట్టగలను? నాలుగు రవ్వలు పిక్కలో లోతుగా దిగి అక్కడే ఉండిపోయాయి. నరం దెబ్బతింది. పాదం మిషను తొక్కుడుపలక మీద పెడితే అక్కడే ఉంటుంది కానీ నొక్కదు.

అప్పుడే రెండో కథ పుట్టింది. వంతు మీ ఇంటిది, అంటే ఆ రోజు తుపాకీ మీది, మీ తుపాకీ నిన్నే కాల్చింది, ఎవరినేం అడుగుతావు అన్నారు. దగ్గి ఉంటే బాగుండేది కదా అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో రోజూ దగ్గకుండా నాతో వచ్చిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. మా ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూర్చునేవాడు. "ఒగ్గేద్దుమే, అన్నే కదా" అని కేసు వదిలేయమనేవాడు. అన్న మీద నాకు పగ లేదని అతనికి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. నేను అడిగేది మరొకటి. ఒకడి చేతిలోని తుపాకీ ఇంకొకరి కాలు తీసేస్తే, ఆ కాలికి దిక్కెవరు?

ఆరు నెలల తర్వాత కర్ర పట్టుకుని మళ్లీ కొత్తవలస వెళ్లాను. రోడ్డు మీద పోలీసులు మోటారుసైకిళ్లు ఆపి కాగితాలు అడుగుతున్నారు. నా ముందే ఒకతన్ని ఇన్సూరెన్సు లేదని పక్కన నిలబెట్టారు. అతను బతిమాలుతున్నాడు. నేను నడవడం ఆపి చూస్తూ ఉండిపోయాను. బండి చేసింది ఎక్కడికైనా వెళ్లడానికి, తుపాకీ చేసింది చంపడానికి. బండికి ఉండాల్సిన కాగితం తుపాకీకి ఎందుకు అక్కర్లేదు? ఇది ఎవరికీ తోచలేదా, తోచినా నోరు మెదపలేదా?

నేరుగా లైబ్రరీకి వెళ్లి, ఎప్పుడూ ముట్టుకోని బీరువా తెరవమని అడిగాను. లైబ్రేరియను గారు నా కర్ర చూస్తూ బీరువా తాళం తీశారు. చట్టాల పుస్తకాలు ఇంటికి ఇవ్వకూడదన్నారు కానీ, కిటికీ దగ్గరికి బల్ల జరిపి, కాలు చాపుకోవడానికి ఇంకో కుర్చీ వేశారు. అట్ట ఊడిన పుస్తకాలు అవి. ఒక్కో వాక్యం నాలుగుసార్లు చదివితే కానీ దారికి వచ్చేది కాదు. చదివింది నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. నెలల తరబడి అదే పని.

బండి ఇన్సూరెన్సులో మూడో మనిషి అని ఒకరుంటారట. మొదటి మనిషి బండి యజమాని, రెండోది కంపెనీ. మూడో మనిషి ఆ ఇద్దరికీ సంబంధం లేకుండా రోడ్డు మీద తన దారిన తాను పోయేవాడు. బండి అతన్ని గుద్దితే అతనికి దిక్కుగా ఉండటానికే ఆ కాగితం తప్పనిసరి చేశారు. యజమాని మంచివాడా, డబ్బున్నవాడా, పారిపోయాడా అన్నది తర్వాతి సంగతి. గుద్దిన బండి దొరక్కపోయినా కొంత ఇచ్చే ఏర్పాటు కూడా ఉందట. ఆ పేజీ చదివి, "మూడో మనిషి" అని ఇంటికొచ్చి బల్ల మీద రాశాను. ఆ మాట తుడవలేదు. అర్థం తెలియక కాదు, ఆ మనిషిని నేనే కాబట్టి.

తుపాకుల చట్టం కూడా చదివాను. లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే తుపాకీ వాళ్ల చేతిలోనే ఉండాలి. పంట కాపలాకి ఇంకో మనిషిని పెట్టుకుంటే ఆ మనిషి పేరు కూడా కాగితం మీదికి ఎక్కాలి. మా ఊరి వంతు మొదటి రోజు నుంచీ తప్పే. ఆ తప్పుతోనే నేనూ ఇన్నాళ్లు పంట ఇంటికి తెచ్చుకున్నాను. ఇది రాయకపోతే నేను కూడా పంది కథ చెప్పినట్టే.

బజారులో ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన ఉన్నాడు. తుపాకీ తగిలిన మనిషి కోసం తుపాకీవాళ్లు కట్టే బీమా ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

"ఆవుకున్నాది, గేదెకున్నాది, బోరు మోటారుకున్నాది తల్లీ. తుపాకీ ఎవుడైనా ఎత్తుకుపోతే దానికీ ఏదో ఉన్నాదంటారు. తుపాకీ తగిలినోడికని నాను వినలేదు. నువ్వే మొదటిదానివి అడగడం."

"తుపాకీ పోతే ఇస్తారు, కాలు పోతే ఇవ్వరా?"

"నన్నేటి అడుగుతావు, నాను కంపెనీనా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, సర్కారు తప్పనిసరి చేస్తే ఏ కంపెనీ అయినా రేపే ఆ పాలసీ తెస్తుందని, బళ్లకి అలాగే వచ్చిందని చెప్పాడు. ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

గ్రామసభలో చదవడానికి అర్జీ తయారుచేశాను. అందులో అడిగింది ఒక్కటే. తుపాకీ లైసెన్సు ఇచ్చేటప్పుడూ, గడువు తీరాక తిరిగి రాసేటప్పుడూ, బండికి అడిగినట్టే మూడో మనిషి బీమా కాగితం అడగాలి. ఆ బీమా మనిషికి కాదు, తుపాకీ నంబరుకి ఉండాలి. పేల్చింది ఎవరైనా, వంతు ఎవరిదైనా, తగిలినవాళ్లకి కాగితం పలకాలి. పేల్చినవాడితో కంపెనీ తర్వాత ఎంత పోట్లాడుకున్నా తగిలినవాళ్లకి డబ్బు ఆపకూడదు.

సభలో ఆడవాళ్లం వెనక కూర్చుంటాం. నేను కర్ర పట్టుకుని ముందుకి వెళ్లి చదివాను. రెండు పేజీలు. ఎవరూ ఆపలేదు. చదవడం అయ్యాక పంచాయతీ అరుగు మీది నుంచి పెద్దమావ మాట్లాడారు. ఆస్పత్రి తలుపు దగ్గర్నుంచి వెళ్లిపోయాక ఆయన గొంతు నేను వినడం అదే మొదలు. ఆయన అడిగినవి ఉత్త మాటలు కావు, అందుకే రాస్తున్నాను. రైతు ఇప్పటికే ఎరువుకీ విత్తనానికీ కడుతున్నాడు, దీనికి కూడా కట్టమంటావా అన్నారు. లైసెన్సు లేని నాటు తుపాకులు కొండ చుట్టూ ఎన్నో ఉన్నాయి, వాళ్లని ఎవరడుగుతారు, దొరికినవాడి మెడకే ఉరా అన్నారు. బీమా ఉందని తెలిస్తే వెధవలు చూడకుండా పేలుస్తారు అన్నారు.

నేను ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. వంతులో తుపాకీ వాడుకునే ఇళ్లన్నీ కలిసి కట్టుకోవచ్చు, డబ్బా కొనుక్కున్నప్పుడు అలాగే చందా వేసుకున్నాం కదా. దొంగ తుపాకీకి గుద్ది పారిపోయిన బండికి ఉన్నట్టే వేరే ఏర్పాటు ఉండాలి. మూడోదానికి మాత్రం నాకు కోపం వచ్చింది.

"బీమా లేకుండానే సూడకుండా పేల్సారు కదా మావా. ఉంటే ఇంతకంటే ఏటి సూడరు?"

వెనక నుంచి ఎవరో ఆడమనిషి నవ్వింది. ఆ నవ్వుకి ఆయన మొహం మారింది.

"నా తుపాకీ ఊరికి అన్నం పెట్టినాది. దానికి జరిమానా కట్టమని నా కోడలే అడుగుతంది. నీ సదువు తగలెట్ట."

"సదువే అడుగుతంది మావా. నాను కాదు" అన్నాను. అది పొగరే. ఆ పొగరు నాకు ఇంకా ఉంది.

ఆ అర్జీ మీద సంతకం చేయమంటే ఒక్కరూ ముందుకి రాలేదు. నా ఒక్కదాని సంతకంతోనే విజయనగరం వెళ్లి, కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇచ్చాను. ముద్ర వేసిన చీటీ ఇచ్చారు. చాలా నెలలకి జవాబు వచ్చింది. ఈ విషయం ఈ కార్యాలయం పరిధిలోనిది కాదు, అర్జీ ముగించడమైనది అని ఉంది. ముగించడమైనదట. నా కాలు ముగియలేదు. ఎవరి పరిధిలోనిదో చెప్పమని మళ్లీ రాశాను. దానికి జవాబు రాలేదు. తుపాకుల చట్టం ఢిల్లీలో చేస్తారని పుస్తకంలో చదివాను కాబట్టి ఢిల్లీకి కూడా రాశాను, తెలుగులోనే. చదువుకోవాలనుకున్నవాడు చదివించుకుంటాడు.

కోర్టు వాయిదా దగ్గర పడింది. ఊరి పెద్దలు రాజీకి వచ్చారు. మంచులో ఎవరు పేల్చారో చూడలేదని కోర్టులో చెప్పు, అందరి కేసూ పోతుంది, కాలి వైద్యం సంగతి ఊరు చూసుకుంటుంది అన్నారు. కాగితం మీద రాసిస్తారా అన్నాను. మాట మీద నమ్మకం లేదా అన్నారు. డబ్బా మీద నమ్మకంతోనే నేను కిందిచేలోకి వెళ్లానని చెప్పాను. లేచి వెళ్లిపోయారు.

ఆ మర్నాడు పొద్దున్న మా బావగారు వచ్చారు. మా వైపు బావ, తమ్ముడి భార్యతో ఎదురుగా నిలబడి మాట్లాడడు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన నాకు ఏం చెప్పాలన్నా గోడకో గేదెకో చెప్పేవారు, నేను వినేదాన్ని. ఆ రోజు గుమ్మం ముందు గొంతుకూర్చుని, నేల చూస్తూ, నాతోనే మాట్లాడారు. రాజీ గురించి వచ్చారనుకుని నేను గట్టిగా కూర్చున్నాను.

"నాను పారిపోయాను కదమ్మా. ఎందుకు పారిపోయానో నీకు సెప్పాలి. నిన్ను సూసాక ముందు నా సేను కళ్లల్లో తిరిగినాది. సేను అమ్మినా ఈ కాలు తీర్సలేను అనుకున్నాను. కాళ్లు అవే పరిగెట్టాయి. నువ్వు సభలో సదివినావే, ఆ కాగితం అప్పుడుంటే నిన్ను నానే ఎత్తుకుని ఆస్పత్రికి ఎల్దును."

ఆయన మాట నేను తూచుకున్నాను. ఆ కాగితం మూడో మనిషి కోసమే అని ఇన్నాళ్లూ రాశాను, చదివాను, వాదించాను. పేల్చినవాడిని కూడా అది మనిషిగా నిలబెట్టగలదని నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. అర్జీ నకలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయనకి సంతకం వచ్చు, చదవడం నెమ్మది. నన్ను చదవమన్నారు. చదివాను. "తుపాకీ నంబరుకి" అన్నచోట ఆపి, ఇంకోసారి చదవమన్నారు. అప్పుడు సంతకం పెట్టారు. నా పేరు తర్వాత రెండో పేరు ఆయనది.

"పెద్దమావ ఇంక నిన్ను తన ఇంట్లోకి రానిస్తారా బావా?" అని అడిగాను. అది కూడా ఆయనతో నేను ఎదురుగా అన్న మొదటి మాటే.

"రానివ్వకపోతే బయటే కూకుంటాను" అన్నారు.

కోర్టులో రెండు మాటలు చెప్పాను. పేల్చింది మా బావగారే, అది పొరపాటు, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు, రాజీకి ఒప్పుకుంటున్నాను. తుపాకీ మాత్రం మా పెద్దమావది, అది ఇంటింటికీ తిరిగేది, ఆ రోజు మా ఇంటి వంతు, అందులో మా ఇంటి తప్పు కూడా ఉంది. రెండో మాట దగ్గర, రాజీ కాగితం రాసిన మా వకీలు నన్ను ఆపబోయాడు. నేను ఆగలేదు. బావగారి కేసు రాజీతో పోయింది. పెద్దమావకి జరిమానా పడింది, లైసెన్సు పోయింది. ఊరి తుపాకీ తీసేసింది నేనే అని ఇప్పటికీ అంటారు. అవును, నేనే. వంతుల మీద తిరిగే తుపాకీ, కాగితం లేని తుపాకీ మా ఊళ్లో లేకపోవడానికి కారణం నేనే. పందులు ఇంకా దిగుతున్నాయి. దానికి కంచె కావాలని అడిగే అర్జీ కూడా నా చేతే రాయించుకుంటున్నారు. రాస్తున్నాను. ఆ అర్జీలు తెచ్చినవాళ్ల చేత ముందు నా అర్జీ మీద సంతకం పెట్టించుకుంటున్నాను. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి.

సాయం చేసినవాళ్ల పేర్లు రాయాలనే ఉంది. కానీ వాళ్లంతా ఇదే ఊళ్లో, ఇదే బజారులో బతకాలి. వాళ్ల పేర్లు నేను రాస్తే వాళ్ల గుమ్మాల ముందు నిలబడేవాళ్లున్నారు. అందుకని చేసిన పని పేరుతో చెబుతాను, ఎవరికి వారు పోల్చుకుంటారు. సీసం పళ్లెంలో వేసి నన్ను నవ్వించిన డాక్టరమ్మకి, రెండో కుర్చీ వేసిన లైబ్రేరియను గారికి, నవ్వు ఆపి నిజం చెప్పిన ఏజెంటు గారికి, సభలో వెనక నుంచి నవ్వి ఎవరో ఇప్పటికీ చెప్పని ఆవిడకి, రెండేళ్లు మాట్లాడకపోయినా రోజూ పొద్దున్న వచ్చి నా కాలికి బదులు మిషను తొక్కిన తోడికోడలికి, ఒగ్గేద్దుమే అంటూనే నన్ను సైకిలు మీద రోడ్డుదాకా దించిన మా ఆయనకి, నేల చూస్తూ సంతకం పెట్టిన బావగారికి నమస్కారాలు.

మా పెద్దమావకి మాత్రం ఇందులో చోటు లేదు. ఆయన ఇంటి అరుగు మీద మూడుసార్లు అర్జీ పెట్టాను, మూడుసార్లూ అలాగే తిరిగొచ్చింది. ఆయన పేరు కోసం బావగారి సంతకం కింద ఒక గీత ఖాళీగా ఉంచాను. దాని మీద ఇంకెవరినీ రాయనివ్వడం లేదు.